నాలుగడుగుల చెక్క, ఒక బ్లోయర్: బడి ప్రాజెక్టుకు హోవర్‌క్రాఫ్ట్ ఎలా చేయాలి

హోవర్‌క్రాఫ్ట్, అంటే తన కింద ఊదిన గాలి మీద తేలుతూ జారే బండి, చేస్తామని వచ్చే పిల్లలు మొదట అడిగేది మోటారు సంగతి. ఎన్ని వాట్లు కావాలి, ఎక్కడ దొరుకుతుంది, ఇంకా పెద్దది పెడితే ఇంకా పైకి లేస్తుందా అని. హైదరాబాద్‌లో ఒక బడిలో భౌతికశాస్త్రం చెబుతూ, తొమ్మిదో తరగతి పిల్లల చేత దీన్ని చాలాసార్లు చేయించాను. లేవకుండా మొరాయించిన బండిని విప్పి చూసిన ప్రతిసారీ మోటారు బాగానే ఉంది, గాలే ఎక్కడో ఒకచోట జారిపోతోంది. గాలి పుట్టించడం బ్లోయర్ చూసుకుంటుంది. దాన్ని చెక్క కింద నిలిపి ఉంచడం మీ పని. మీ టేపూ, మీ ఓపికా ఎక్కువగా అక్కడే ఖర్చు పెట్టండి.

ఇక్కడ చెప్పేది 45 కిలోల వరకు బరువున్న ఒక విద్యార్థిని ఎక్కించుకుని నున్నటి నేల మీద జారిపోయే బండి గురించి. మూడు సెలవు రోజులు చేతిలో ఉంటే చాలు. రంపం పట్టేటప్పుడు, కరెంటు పెట్టేటప్పుడు మాత్రం పెద్దవాళ్లు పక్కన ఉండి తీరాలి.

మొదట కాగితం, పెన్సిలు

చెక్క కొనడానికి వెళ్లే ముందు ఒక చిన్న లెక్క వేయండి. ఎక్కేవారి బరువు 45 కిలోలు, చెక్క 9, బ్లోయర్, బోల్టులు, మిగతావి కలిపి ఇంకో 6. మొత్తం 60 కిలోలు, అంటే సుమారు 600 న్యూటన్లు. చెక్క వ్యాసం 120 సెంటీమీటర్లు. కానీ గాలి నిలిచే వలయం చెక్క అంచుకంటే కాస్త లోపలికి ఉంటుంది కాబట్టి దాని వ్యాసం 100 సెంటీమీటర్లు అనుకోండి. వైశాల్యం 0.785 చదరపు మీటర్లు. భాగిస్తే 760 పాస్కల్స్ చిల్లర వస్తుంది.

ఈ అంకె ఎంత చిన్నదో చూడండి. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్స్. మనకు కావలసిన అదనపు పీడనం అందులో ఒక శాతం కూడా లేదు. నీటితో పోలిస్తే, 100 పాస్కల్స్ అంటే దాదాపు ఒక సెంటీమీటరు నీటి ఎత్తు. అంటే 8 సెంటీమీటర్ల నీరు ఎంత ఒత్తిడి ఇస్తుందో అంతే ఒత్తిడితో, వెడల్పుగా పరచుకున్న గాలి ఒక మనిషిని ఎత్తుతుంది. పిల్లలు ఈ లెక్క తమ చేత్తో వేసుకున్న రోజున మోటారు గురించిన ఆరాటం సగం తగ్గిపోతుంది.

రెండో లెక్క అంతకంటే ముఖ్యం. చిన్న బ్లోయర్ నిమిషానికి 3 ఘనపు మీటర్ల గాలి ఇస్తుందనుకోండి, అంటే సెకనుకు 50 లీటర్లు. ఆ గాలి వలయం చుట్టూ ఉన్న సందులోంచి సెకనుకు 35 మీటర్లకు పైగా వేగంతో బయటికి దూకుతుంది. వలయం చుట్టుకొలత 3.14 మీటర్లు. ఇవన్నీ వేసి చూస్తే నేలకూ చెక్క కింద కట్టే ప్లాస్టిక్ షీటుకూ మధ్య ఉండగల సందు అర మిల్లీమీటరు చుట్టుపక్కల తేలుతుంది. సరిగ్గా చేసిన బండి కూడా అంతే ఎత్తున తేలుతుంది! కాబట్టి చెక్కకు ఎక్కడైనా వేలు పట్టేంత కంత ఉంటే, ఆ బండి ఇక లేవదు.

ఒక డబ్బాలో ఇంకో డబ్బా

ఈ ఆలోచనకు రూపం ఇచ్చిన క్రిస్టఫర్ కాకరెల్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1955లో చేసిన ప్రయోగం కూడా ఇంటి సామానుతోనే జరిగింది. కాఫీ డబ్బాలో పిల్లి ఆహారం డబ్బా పెట్టి, రెంటి మధ్య ఉన్న ఉంగరం లాంటి సందులోంచి గాలి ఊది, అది వంటింటి త్రాసును ఎంత నొక్కుతుందో కొలిచాడు. ఖాళీ డబ్బాలోంచి ఊదినప్పటికంటే ఉంగరంగా ఊదినప్పుడు త్రాసు ఎక్కువ చూపించింది. 1959 జులై 25న ఆయన రూపొందించిన ఎస్‌ఆర్‌.ఎన్‌1 అనే హోవర్‌క్రాఫ్ట్ ఇంగ్లిష్ చానెల్‌ను దాటింది. అప్పటికి దానికి స్కర్టు లేదు. చుట్టూ వేలాడే ఆ రబ్బరు అంచు తర్వాతే వచ్చింది, అది వచ్చాకే అలలనూ ఎగుడుదిగుళ్లనూ దాటగల అసలైన హోవర్‌క్రాఫ్ట్ తయారైంది. మన తీర రక్షక దళం వాడుతున్నవీ స్కర్టు ఉన్నవే. మా పిల్లలు దాన్ని పావడా అంటారు. నాకు ఆ మాటే నచ్చింది, ఇకపై అదే వాడతాను.

పెద్దది మొదలుపెట్టే ముందు మీరూ ఒక చిన్నది చేసి చూడండి. పాత సీడీ మధ్య రంధ్రం మీద, పైకి లాగి తెరిచే రకం నీళ్ల సీసా మూత అంటించి, ఊదిన బెలూను దానికి తొడిగి, మూత తెరిస్తే సీడీ గచ్చు మీద జారుతుంది. పది నిమిషాల పని. నోటుపుస్తకంలో మొదటి పేజీ ఇదే కావాలి.

సామాను

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. అంగళ్లలో 8 అడుగులకు 4 అడుగుల షీటు అమ్ముతారు. రెండు జట్లు కలిసి కొని సగానికి కోయించుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. 6 మిల్లీమీటర్లది తేలికగా ఉంటుంది గాని, మధ్యలో కూర్చుంటే వంగిపోతుంది. 18ది అనవసరపు బరువు.

పావడాకు 800 గేజు పాలిథిన్ షీటు, 6 అడుగులకు 6 అడుగులు. బేగంబజార్ వైపు పాలిథిన్ అమ్మే దుకాణాల్లో గేజు చెబితే కోసి ఇస్తారు. 800 గేజు అంటే 200 మైక్రాన్లు. పాత ఫ్లెక్సీ బ్యానరు కూడా పనికొస్తుంది, గాలి వదలదు, త్వరగా చిరగదు. కాకపోతే బిరుసుగా ఉండి మడతలు సరిగా కూర్చోవు. మొదటి పావడా పాలిథిన్‌తో చేయండి, చేయి తిరిగాక రెండోది ఫ్లెక్సీతో చేయండి. అన్నట్టు, ఫ్లెక్సీలు ఎన్ని దొరికితే అన్ని దాచిపెట్టుకోండి. వాటితో ఇంకో పెద్ద పని ఉంది.

8 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి, పెద్ద వాషర్లు రెండు, నట్టు, పొట్టి స్క్రూలు నాలుగు ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతాయి. రాణీగంజ్‌కు వెళ్తే కావలసిన కొలత కళ్లతో చూసి ఎంచుకోవచ్చు. ఏసీ పనివాళ్లు వాడే వెడల్పాటి డక్ట్ టేపు రెండు చుట్టలు తీసుకోండి. చవక రకం వద్దు. ఏప్రిల్, మే ఎండలకు దాని జిగురు కారిపోయి టేపు ఊడివస్తుంది. సోఫాలు కుట్టేవాళ్ల దగ్గర ఉండే స్టేప్లర్ గన్ ఒక పూట అడిగి తెచ్చుకోండి.

ఇక బ్లోయర్. కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు, ఏసీ సర్వీసు చేసేవాళ్లు దుమ్ము ఊదడానికి వాడే 600 వాట్ల చేతి బ్లోయర్ సరిపోతుంది. కొనకండి, వీధి చివర మెకానిక్‌ను అడగండి. ప్రాజెక్టు కోసమని పిల్లలు అడిగితే కాదన్నవాళ్లను నేను చూడలేదు. బ్లోయర్ ఒంటి మీది పట్టీలో నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి ఇస్తుందో రాసి ఉంటుంది. 3కు తగ్గకుండా చూసుకోండి. ఎక్కేవారి బరువు 50 కిలోలు దాటితే రెండు బ్లోయర్లు కావాలి. అప్పుడు రెండూ ఒకేసారి తిరగాలి. ఒకటి ఆగితే రెండోదాని గాలి దానిలోంచే బయటికి పోతుంది.

చెక్క కోత

ప్లైవుడ్ నడిమధ్య చిన్న మేకు కొట్టి, సాగని దారంతో పెన్సిలు కట్టి, 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వలయం గీయండి. కోయడం జిగ్‌సా ఉన్న వడ్రంగి చేత చేయించడమే మేలు. మిగిలిన మూలల్లోంచే 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న బిళ్ల ఒకటి కోయించండి.

తర్వాత అంచు నునుపు చేయడం. చాలామంది దీన్ని రెండు నిమిషాల్లో ముగిస్తారు. మీరు గంట కేటాయించండి. ముతక ఉప్పు కాగితంతో మొదలుపెట్టి, అంచు పైనా కిందా గుండ్రంగా తిరిగేదాకా రుద్ది, సన్నకాగితంతో ముగించండి. పాత నైలాన్ గుడ్డ ముక్క తీసుకుని అంచు వెంట చుట్టూ లాగండి. ఎక్కడ పోగు తగులుకుంటే అక్కడ మళ్లీ రుద్దాలి. మొదటిసారి చేయించినప్పుడు ఈ పరీక్ష పెట్టలేదు. చెక్క పొరలోంచి పొడుచుకొచ్చిన చీపురుపుల్లంత పేడు ఒకటి, సరిగ్గా ప్రదర్శన రోజు ఉదయం, పావడాను జానెడు పొడవున చీల్చింది. చిన్న బిళ్ల అంచుకూ ఇదే మర్యాద చేయండి.

కేంద్రానికీ అంచుకూ సగం దూరంలో, అంటే కేంద్రం నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర, బ్లోయర్ మూతిని ఆనించి గీత గీసి, గీతకు లోపలి వైపు కోయండి. మూతి బిగుతుగా దిగాలి. దాని చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి తొడిగితే సందు పూర్తిగా మూసుకుంటుంది, బ్లోయర్‌ను చెడగొట్టకుండా మళ్లీ తీసి ఇచ్చేయవచ్చు కూడా. ఎం-సీల్ లాంటివి పెట్టి అరువు తెచ్చిన బ్లోయర్‌ను చెక్కకు అంటించేయకండి.

పావడా కట్టడం

షీటును నేల మీద పరచి, అదే దారం పద్ధతిలో మార్కరుతో 67 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల వలయం, దాని బయట 80 సెంటీమీటర్ల వలయం గీయండి. బయటి గీత మీద కత్తిరించండి. చెక్కను మధ్యలో పెట్టి, లోపలి గీత చెక్క పై అంచుకు సరిగ్గా ఆనేలా షీటును పైకి మడవండి. చెక్క వ్యాసార్ధం 60, గీతది 67. ఆ తేడానే పావడాకు వదులు ఇస్తుంది. బిగించి లాగి కొడితే చూడటానికి డప్పులా అందంగా ఉంటుంది, కానీ ఉబ్బడానికి చోటుండదు.

స్టేపుల్స్ ముందు ఎదురెదురుగా నాలుగు కొట్టండి, ఆ నాలుగింటి మధ్యన ఇంకో నాలుగు, అలా సగాలు చేసుకుంటూ వెళ్లండి. ఒక చోట మొదలుపెట్టి చుట్టూ కొట్టుకుంటూ వస్తే చివరికి వదులంతా ఒక పక్కకు పోగవుతుంది. స్టేపుల్‌కూ స్టేపుల్‌కూ మధ్య 3 సెంటీమీటర్లు మించకూడదు. గుండ్రటి అంచు మీద షీటు చిన్నచిన్న కుచ్చిళ్లు పడుతుంది. ప్రతి కుచ్చి ఒక గాలి గొట్టమే. ఒక్కొక్కదాన్ని చీర కుచ్చిళ్లు సర్దినట్టు ఒకే వైపుకు మడిచి, గోటితో నొక్కి, స్టేపుల్ కొట్టి, దాని మీద టేపు వేయండి. చుట్టూ అయ్యాక ఒకదాని మీద ఒకటి రెండు వరుసల టేపు తిప్పండి.

ఇప్పుడు చెక్కను తిరగేసి, షీటు మధ్యభాగానికి టేపు అంటించండి. చిన్న బిళ్లను నడిమధ్య పెట్టి, చెక్కలోంచి బోల్టు దింపి బిగించి, చుట్టూ నాలుగు స్క్రూలు వేయండి. ఈ బిళ్ల లేకపోతే షీటు బంతిలా ఉబ్బి, బండి ఆ బంతి మీద నిలబడి అటూ ఇటూ ఒరుగుతుంది. బిళ్ల మధ్యభాగాన్ని పైకి పట్టి ఉంచుతుంది కాబట్టి చుట్టూ ఉన్న షీటు గారె ఆకారంలో ఉబ్బుతుంది. గారె చిల్లు ఉన్న చోట, ఆ బోలులో, గాలి చేరి బండిని మోస్తుంది.

ఆ గాలి బోలులోకి రావడానికి దారులు కావాలి. కేంద్రం నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, సమాన దూరాల్లో, ఆరు చోట్ల అరచేయంత టేపు ముక్కలు అంటించి, వాటి మీద 5 సెంటీమీటర్ల వలయాలు గీసి కత్తిరించండి. టీ గ్లాసు అడుగు దాదాపు ఆ కొలతే ఉంటుంది. చతురస్రాలు కోయకండి, మూలల దగ్గర చిరుగు మొదలవుతుంది. అంచుకు దగ్గరగా జరపకండి, ఉబ్బినప్పుడు నేలే వాటిని మూసేస్తుంది.

మేస్త్రీ లెవెల్ పైపుతో పీడనం కొలవడం

ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే పారదర్శకపు పైపు ఒక రెండు మీటర్లు సంపాదించండి. బిళ్లలోంచి, షీటులోంచి, చెక్కలోంచి సూటిగా పైపు పట్టేంత రంధ్రం వేసి, ఒక కొసను బిళ్ల అడుగు మట్టం దాకా దింపి, చుట్టూ సిలికాన్ పూయండి. రెండో వైపును అట్ట మీద నిలువుగా గుర్రపు లాడం ఆకారంలో వంచి అంటించి, సగం దాకా ఇంకు కలిపిన నీరు పోసి, పక్కన స్కేలు అతికించండి. ఒక వైపు నీరు 4 సెంటీమీటర్లు దిగితే రెండో వైపు 4 సెంటీమీటర్లు ఎక్కుతుంది. మీరు రాసుకోవలసింది రెండు మట్టాల మధ్య తేడా, అంటే 8.

ఈ ఒక్క అమరికే మీ ప్రాజెక్టును ఆటబొమ్మ స్థాయి నుంచి పైకి తీసుకెళ్తుంది. కాగితం మీద 760 పాస్కల్స్ అని రాసుకున్న అంకె, ఒక స్నేహితురాలు చెక్క మీద కూర్చోగానే, ఎర్రటి నీటి రూపంలో మీ కళ్లముందు నిలబడుతుంది. ఆమె దిగితే తగ్గుతుంది, ఆమెకంటే బరువైనవాళ్లు ఎక్కితే పెరుగుతుంది. నిరుడు ఒక అమ్మాయి ఆ నీటి మట్టం చూసి, తరగతిలో అందరి బరువులూ రెండు మూడు కిలోల తేడాలో చెప్పేసింది. త్రాసు అవసరం లేకపోయింది.

మొదటిసారి ఊదడం

మొదటిసారి ఎవరూ ఎక్కకూడదు. బ్లోయర్ పెట్టగానే పాలిథిన్ చిటపటలాడుతూ నిండుతుంది, తర్వాత చెక్క ఒక్కసారి పైకి కదిలి, వేలితో తోస్తే నీళ్ల మీది ఆకులా తిరుగుతుంది. అలా తిరగకపోతే ముందు చెవి పెట్టి వినండి. బ్లోయర్ కూత సన్నబడి కీచుమంటుంటే గాలికి దారి లేదని అర్థం. ఆరు రంధ్రాలూ నేలకు అతుక్కున్నాయో, వదులు చాలలేదో చూడండి. మామూలుగా, చేతిలో ఉన్నప్పటిలాగే మోగుతూ చెక్క లేవకపోతే గాలి పెద్దగా ఎక్కడో పోతోంది. చీపురు పుల్లకు సన్నటి దారం కట్టి అంచు వెంట తిప్పండి, దారం ఎగిరిన చోట టేపు వేయండి. అగరువత్తి పొగతో చూడమని కొందరు చెబుతారు. పాలిథిన్ దగ్గర నిప్పు వద్దు.

ఇంకో దొంగ నేల. షాబాద్ బండల మీద ప్రయత్నించి బండి చెడిపోయిందని దిగులుపడిన జట్లు ఎన్నో. బండల సందుల్లోంచి, వాటి గరుకులోంచి గాలి అంతా పోతుంది. అర మిల్లీమీటరు లెక్క గుర్తుంది కదా. గ్రానైటు నేల, సందులు సన్నగా ఉన్న టైల్సు మంచివి. అవి లేకపోతే దాచిన ఫ్లెక్సీలను బయటికి తీయండి. నున్నటి వైపు పైకి వచ్చేలా వరుసగా పరచి, అతుకులకు టేపు వేస్తే సిమెంటు వరండా కూడా మంచి దారి అవుతుంది.

ఇప్పుడు ఎక్కవచ్చు. బాసింపట్టు వేసుకుని మధ్యలో, బ్లోయర్ బరువుకు సరిపడా కాస్త దానికి ఎదురువైపు జరిగి కూర్చోవాలి. ఒరిగితే ఆ పక్క అంచు నేలను రాస్తుంది, రెండో పక్క నుంచి గాలి పోతుంది. భుజం మీద చెయ్యి వేసి మెల్లగా తోయండి.

జాగ్రత్తల్లో దేన్నీ తేలిగ్గా తీసుకోవద్దు. దీనికి బ్రేకు లేదు. మెట్లు, గోడ, వాలు ఉన్న చోట నడపకండి. హెల్మెట్ పెట్టుకోండి. చున్నీ, జడ బ్లోయర్ గాలి లాగే వైపు వెళ్లకూడదు. వైరు పట్టుకుని వెంట నడవడానికి ఒక మనిషిని కేటాయించండి. తడి నేల మీద వద్దే వద్దు. హుస్సేన్‌సాగర్ సంగతి అటుంచండి, అపార్టుమెంటు ఈత కొలనులో కూడా 230 వోల్టుల బ్లోయర్‌తో దిగే ఆలోచన చేయకండి. అయిదు నిమిషాలు నడిపాక బ్లోయర్‌కు అంతసేపు విశ్రాంతి ఇవ్వండి.

కొలతలు, నోటుపుస్తకం

వేలాడే స్ప్రింగు కాటాతో బండిని లాగి చూడండి. బ్లోయర్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. తర్వాత ఒక్కో మార్పు చేస్తూ పీడనం, లాగిన బలం నమోదు చేయండి: రంధ్రాలు ఆరు ఉన్నప్పుడు, రెండు మూసి నాలుగు చేసినప్పుడు, టైల్సు మీద, ఫ్లెక్సీ మీద. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. చెడిపోయిన ప్రయత్నాలను చింపేయకండి. న్యాయనిర్ణేతలు ఎక్కువసేపు ఆగి చూసే పేజీలు అవే.

వెనక్కి ఊదే రెండో బ్లోయర్ పెట్టి దానంతటదే నడిచేలా చేద్దామని తప్పకుండా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. సెకనుకు 0.05 ఘనపు మీటర్ల గాలి, బరువు సుమారు 55 గ్రాములు, వేగం సెకనుకు 70 మీటర్లు అనుకుంటే వచ్చే తోపు 4 న్యూటన్లకు కాస్త తక్కువ. 60 కిలోల బండికి అది పది సెకన్లలో మనిషి నడక వేగంలో సగం కూడా ఇవ్వదు. కదలడం మాత్రం కదులుతుంది, ఆ నిదానమైన కదలికను లెక్కతో పోల్చి చూపించగలిగితే పెట్టండి.

ప్రదర్శనకు తీసుకెళ్లే రోజు: నాలుగడుగుల చెక్క మామూలు ఆటోలో పట్టదు, ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. పావడా వైపు లోపలికి వచ్చేలా పాత దుప్పటి కప్పి నిలువుగా కట్టండి. మీకిచ్చిన చోటికి ప్లగ్గు ఎంత దూరమో ముందు రోజే అడుగులతో కొలిచి, అంత పొడవున్న మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ తీసుకెళ్లండి. ఫ్లెక్సీలు, కత్తెర, టేపు ఒక సంచిలో వేసుకోండి. టేపు రెండో చుట్ట కూడా.